ఎండుచేపల గంప

ఖిదిర్‌పూర్,
జనవరి 21.

ఢిల్లీశ్వరరావుకి,

బావ రాస్తున్నాను. నీ కాలు ఎలా ఉంది? కట్టు విప్పారా? ఫోన్‌లో నువ్వు అడుగుతావు, నేను ఆఁ ఆఁ అంటాను, నువ్వు విసుక్కుని పెట్టేస్తావు. అందుకని రాయడమే నయం. కాగితం విసుక్కోదు.

ఇక్కడ అందరం ఉన్నాం. మధుబాబుకి కంటైనర్ యార్డులో డ్యూటీలు. కోడలు భానుకి ఇంటిపని. నాకు ఆయాసం. లారీల దుమ్ము. కొత్తదేమీ కాదు.

ఒక సంగతి ఉంది. మా కూలీల ఇళ్ళ లైను ఎదురుగా పొడుగు గోడ తెలుసు గదా, ఓడల డాకు గోడ, పాన్ ఉమ్ములతో ఎర్రగా ఉండేది. దాని మీద బొమ్మలు వేస్తారట. అభిజిత్ అని ఒక బెంగాలీ డ్రాయింగు మాస్టారు, ఆయన శిష్యులు వచ్చారు. వాళ్ళంతట వాళ్ళు వేసి పోరట. ఏం వేయాలో లైన్లో వాళ్ళే చెప్పాలట, రంగు కూడా మేమే పూయాలట. దానికి మీటింగు. ముష్తాక్ టీ కొట్టు ముందు బెంచీలు వేశారు. బీహారీలు, ఒడియావాళ్ళు, బెంగాలీలు, ముష్తాక్ వాళ్ళు, మనవాళ్ళు. అందరూ ఒకేసారి మాట్లాడారు. నాకు తలనొప్పి పుట్టింది.

చివరికి తేలింది ఇది. దేవుళ్ళు వద్దు. పార్టీలు వద్దు. ఎవరు ఏ పని చేసుకుని ఇక్కడ బతికారో ఆ పని బొమ్మ వేయాలి. ఒక్కో భాషవాళ్ళకి ఒక్కో బొమ్మ. గోడ సొంతదారుల షరతు కూడా అదే. దేవుడి పేరున గొడవ వస్తే గోడంతా సున్నం కొట్టేస్తారు. ముష్తాక్ అందరి తరఫునా మాట ఇచ్చాడు. మసీదు దగ్గర తనవాళ్ళకీ తనే నచ్చజెప్పాడు.

మనవాళ్ళ బొమ్మ ఏదో చెప్పమని మహాలక్ష్మమ్మ నన్ను ముందుకి తోసింది. మా లైను ఆడవాళ్ళకి ఆవిడే పెద్ద. "పాతోడివి నువ్వే గదా అన్నా. నువ్వు సెప్పకపోతే ఎవులు సెప్తారు?" అంది. లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

మర్నాడు అభిజిత్ శిష్యురాలు ఒకమ్మాయి ఇంటికే వచ్చింది. వసుధ అని పేరు, హైదరాబాదు దగ్గరి పిల్ల. "అందరి ముంగట చెప్పకుంటే ఏంగాదు తాతా. నాకొక్కదానికి చెప్పుండ్రి" అంది. టీ ఇచ్చాను. చూడాలి.

బావ,
అప్పలసూరి


లిలువా,
ఫిబ్రవరి 2.

బావా,

కట్టు ఇంకా విప్పలేదు. వర్క్‌షాపులో ఇంజిన్ల కింద దూరి బతికిన కాలు, రిటైరయ్యాక బాత్రూంలో సబ్బు మీద విరిగింది. చెప్పుకోవడానికి సిగ్గు. అడిగినవాళ్ళకి మెట్లు అని చెబుతున్నాను. నువ్వూ మెట్లనే చెప్పు.

మంచం మీద నుంచి చూస్తే కిటికీలో నీళ్ళ ట్యాంకు, దాని మీద కాకి. మీ చెల్లి నన్ను చూసి విసిగిపోయింది. నేను కాకిని చూసి విసిగిపోయాను. కాకి ఎవరిని చూసి విసుగుతుందో తెలియదు.

నిన్ను పట్టుకుని మీటింగులో మాట్లాడమన్నారా! రేషన్ షాపులో నీ పేరు నువ్వు చెప్పుకోవడానికి మా అక్కని వెంట తీసుకుపోయినవాడివి. పెళ్ళిచూపుల్లో నువ్వు మూగవాడివేమోనని మా నాన్న నీ కాలు తొక్కి చూశాడు, గుర్తుందా? నువ్వు "అబ్బా" అన్నాకే సంబంధం ఖాయం చేశాడు. ఆ తర్వాత నీ మాటలన్నీ మా అక్కే మాట్లాడింది. తను పోయాక నీ ఇంట్లో గోడలకి కూడా బద్ధకం పట్టి ఉంటుంది.

ఆ తెలంగాణ పిల్లకి క్రేను వేయమని చెప్పు. పెద్ద క్రేను, కింద మన కుర్రాళ్ళు తాళ్ళు పట్టుకుని. రైల్వేలో చేరకముందు నేనూ అక్కడ బస్తాలు మోసినవాణ్ణే కదా. నన్ను ఒక మూల పెట్టించు. మీసం మరిచిపోవద్దు.

ఢిల్లీ


ఖిదిర్‌పూర్,
ఫిబ్రవరి 20.

ఢిల్లీశ్వరరావుకి,

బొమ్మ అయింది. క్రేను కాదు. నీ మీసం లేదు.

ఒక ఆడమనిషి. నెత్తి మీద ఎండుచేపల గంప. మన ఆడవాళ్ళు చాలామంది ఆ పనే చేశారు గదా ఈ సందుల్లో. అందుకని అది.

వసుధ రోజూ సాయంత్రం వచ్చి కాగితం మీద గీసేది. నేను కాదు అనేవాణ్ణి. తుడిచి మళ్ళీ గీసేది. "ఏం కాదు తాతా? ముక్కా?" ముక్కే. "ఇంకింత పెద్దగుండాల్నా?" ఉండాలి. "నవ్వాల్నా?" వద్దు. నాకు వచ్చినవి ఆ రెండు మాటలే, కాదు, అవును. వాటితోనే ఆ పిల్ల మనిషిని తెచ్చింది. ఎవరు తాతా అని అడగలేదు. మంచి పిల్ల.

చేపల మీద ఈగలు వాలకుండా వేపమండలు కప్పుకునేవారు గదా. అది చెప్పాను. గంప మీద పచ్చగా వేసింది. ముఖానికి పసుపు రాసుకునే అలవాటు చెప్పాను. అదీ వేసింది.

ఆదివారం అందరూ రంగులు పూశారు. చీర మహాలక్ష్మమ్మ పూసింది. గాజులు భాను. వేపాకులు ముష్తాక్ కూతురు పూసింది, ఒక్కో ఆకూ విడివిడిగా. ఒడియా వంటవాడొకడు వాళ్ళ బొమ్మ వదిలేసి వచ్చి మా గంప పూస్తూ కూర్చున్నాడు. వాళ్ళావిడ వచ్చి తిట్టి లాక్కుపోయింది. వీధంతా నవ్వారు.

నేను పాదాలు పూశాను. నాకు ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు. కింద కూర్చుని పూసుకోవచ్చని.

నీ కాలు తగ్గాక వచ్చి చూద్దువుగాని. తొందరేం లేదు.

బావ


లిలువా,
మార్చి 1.

అప్పలసూరి బావకి,

మా పూజిత స్నేహితురాలెవరో మీ గోడ ఫొటో పెట్టిందట. పూజిత ఫోన్ తెచ్చి చూపించింది, "తాతా, సూరి తాత వాళ్ళ లైనే కదా?" అని. చూశాను. వేళ్ళతో పెద్దది చేయమన్నాను. మళ్ళీ చూశాను.

అది మా అక్క.

ఒక ఆడమనిషి అని రాశావు నాకు! ఆ ముక్కు మా అమ్మది, నా ముఖం మీదా అదే ఉంది, అద్దంలో రోజూ చూస్తున్నాను. కనుబొమ మీద తెగిన గీత నేను చేసిందే, గూటీబిళ్ళ ఆడుతుంటే కర్ర ఎగిరి తగిలి. ఆ గీత నీకెలా గుర్తుంది బావా? నేనే మరిచిపోయాను.

ఎవరికీ చెప్పలేదా? కన్నకొడుకు మధుబాబుకి కూడా? వాడికి అమ్మంటే ఆస్పత్రి మంచం మీది ముఖమే, మీ ఇంట్లో ఉన్న ఫొటో కూడా అప్పటిదే, గుర్తుపట్టడు. భాను అత్తని చూడనే లేదు. మహాలక్ష్మమ్మ వాళ్ళు అక్క పోయాకే ఆ లైనుకి వచ్చారు. నేను అలా కాదుగా. నన్ను ఎత్తుకుని మోసిన మనిషి. నాకు ఒక్క ముక్క రాయడానికి నీకు ఇంకు అయిపోయిందా?

పూజిత నా ముఖం చూసి భయపడి ఫోన్ పట్టుకుపోయింది. మీ చెల్లికి ఇంకా చెప్పలేదు.

ఇంకొకటి. అది రోడ్డు గోడ. పొద్దున్న లేస్తే పాన్ నమిలేవాళ్ళు ఎందరు పోతారు దాని పక్క నుంచి? మా అక్క ముఖం మీద ఎవడైనా ఉమ్మితే ఏం చేస్తావు? నువ్వు "కాదు", "అవును" తప్ప ఇంకో మాట రానివాడివి. ఉమ్మొద్దు అని అంటావా?

ఢిల్లీశ్వరరావు


ఖిదిర్‌పూర్,
మార్చి 17.

ఢిల్లీకి,

నువ్వన్నది నిజం. తవిటమ్మే.

చెప్పడానికి సిగ్గేసింది. ముసలాడు పెళ్ళాం బొమ్మ గోడకెక్కించుకున్నాడు అంటారు. అంతకన్నా పెద్ద కారణం లేదు. మధుబాబుకి చెబుదామనుకున్నాను. వాడు డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటాడు. లేచి పోతాడు. మాటకి సందు దొరకదు.

పొద్దున్నే ముష్తాక్ బెంచీ మీద కూర్చుంటాను. టీ తాగుతాను. ఎదురుగా ఆమె ఉంటుంది. చూస్తాను. ఎవరికీ ఏమీ తెలియదు. అది బాగుండేది.

బాగుండేది అని ఎందుకు రాస్తున్నానంటే, మహాలక్ష్మమ్మ మనవడికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. అమ్మవారు పోసింది. ఆవిడ భయపడిపోయి ఉంది. ఒక పొద్దున్న పసుపు నీళ్ళ చెంబుతో గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. నెత్తి మీద వేపమండలు, పసుపు ముఖం. మన ఊళ్ళ పండక్కి ఘటం ఎత్తుకున్న మనిషి ఎలా ఉంటుంది, అలాగే గదా. అంతవరకు ఎవరికీ తోచలేదు. ఆ పూట ఆవిడకి తోచింది. పాదాల మీద నీళ్ళు పోసి బొట్టు పెట్టింది. పిల్లాడికి తగ్గింది. ఎవరికైనా తగ్గేదే. కానీ తగ్గింది.

ఇక రోజూ వస్తున్నారు. బీహారీ ఆడవాళ్ళు శీతలామాత అంటున్నారు. బెంగాలీలు కూడా. కొబ్బరికాయలు, అగరొత్తులు. నేను పూసిన పాదాలు కనపడటం లేదు. పసుపు కప్పేసింది.

ఉన్నమాట రాస్తాను. మొదటి బొట్టు పెట్టినప్పుడు నేను బెంచీ మీదే ఉన్నాను. ఊరుకున్నాను. నీ ఉత్తరం జేబులో ఉంది. ఇక ఎవడూ ఉమ్మడులే అనుకున్నాను.

నిన్న ముష్తాక్ టీ ఇస్తూ అన్నాడు. "చాచా, కొబ్బరినీళ్ళు నా పొయ్యిలోకి పారుతున్నాయి, దానికేం లేదు. మాట ఇచ్చింది మాత్రం నేను. వాళ్ళ దేవతకి చోటుంటే మనకెందుకు లేదని మావాళ్ళు నన్ను అడుగుతున్నారు. బీహారీలు తమ బొమ్మలోని తోపుడుబండి మనిషికి తోక పెట్టి హనుమాన్‌జీని చేయమంటున్నారు."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు బాగాలేదు.

బావ


లిలువా,
మార్చి 25.

బావా,

కోపం సగం తగ్గింది. మిగతా సగం నీ ముఖం చూశాక చూసుకుందాం.

ఇంతమాత్రానికి బెంగెందుకు? మీటింగు పెట్టమను. లేచి నిలబడు. "అది అమ్మవారు కాదు, నా పెళ్ళాం" అను. ఐదు మాటలు. నోటికి రాకపోతే అరచేతిలో రాసుకో. ఎవడి పెళ్ళాం ముందు ఎవడు కొబ్బరికాయ కొడతాడు? నవ్వుకుని ఎవరింటికి వాళ్ళు పోతారు. ముష్తాక్ మాట నిలుస్తుంది. అక్క గోడ మీద ఉంటుంది. నువ్వు టీ తాగుతూ చూసుకుంటావు.

అమ్మవారట! ఈ అమ్మవారు చిన్నప్పుడు నా వాటా బెల్లం ముక్క నాలుకతో నాకేసి తిరిగి ఇచ్చేది. అది కూడా చెప్పు మహాలక్ష్మమ్మకి.

కట్టు విప్పారు. కాలు వంకాయ రంగులో ఉంది. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. కాకి ఎగిరిపోయింది.

నోరు విప్పు బావా. ఈ ఒక్కసారికి.

ఢిల్లీ


ఖిదిర్‌పూర్,
ఏప్రిల్ 4.

ఢిల్లీకి,

మీటింగు జరిగింది. అభిజిత్ మాస్టారు వచ్చారు. గోడ సొంతదారులు ఈ నెలాఖరు దాకా చూస్తారట. అప్పటికీ పూజలు ఆగకపోతే సున్నమే. మన బొమ్మ ఒక్కటే కాదు. అందరివీ. ఆయన కూడా అలిసిపోయి ఉన్నారు. చొక్కా మీద రంగులు కూడా అలిసినట్టు ఉన్నాయి.

నేను లేచాను. ఈసారి కూర్చోలేదు. నువ్వు రాసిన ఐదు మాటలూ చెప్పాను.

భాను నా దగ్గరికి వచ్చింది. "మావయ్యా, అత్తమ్మేటి? నాను రోజూ బొట్టెడతన్నాది అత్తమ్మకేనేటి?" అంది. అవునన్నాను. పిల్ల కొంగు నోట్లో పెట్టుకుంది.

అప్పుడు మహాలక్ష్మమ్మ అడిగింది.

"అన్నా, ఆయమ్మ పోయిన్నాటికి నువ్వు ఉన్నావు గదా?"

"ఉన్నాను గదమ్మా. ఇంకా ఉన్నాను."

"అంటే పసుపూ కుంకంతో ఎల్లిపోనాదన్న మాట."

"అవును."

ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓలమ్మో! పేరంటాలే! మన లైన్లోనే ఎలిసినాది, మనకి తెల్దే!"

ఢిల్లీ, మన పక్క సంగతి నీకు తెలుసు. మొగుడు ఉండగా పోయిన మనిషిని పేరంటాలని మొక్కుతారు. ఎన్ని ఊళ్ళ పొలిమేరల్లో లేవు ఆ గుళ్ళు. లేచి నిలబడ్డప్పుడు నాకు అది గుర్తు లేదు. రాసినప్పుడు నీకూ గుర్తు లేదు.

ఆడవాళ్ళందరూ లేచారు. ఒకామె కొత్త చీర తేవడానికి పరుగెత్తింది. ఇద్దరు ముగ్గురు నా కాళ్ళకి దండం పెట్టారు. పేరంటాలి పెనిమిటినట. వసుధకి ఏమీ అర్థం కాలేదు. "ఏమైంది తాతా? మంచిగనే చెప్పిండ్రు కదా?" అంది. మంచిగా చెప్పానమ్మా, అదే తప్పయింది అన్నాను.

ముష్తాక్‌కి భాను హిందీలో విడమరిచి చెప్పింది. అతను నుదురు పట్టుకుని కూర్చున్నాడు. "ఇంతవరకు దేవత ఒక్కతే ఉంది చాచా. ఇప్పుడు దేవత మొగుడు కూడా వచ్చాడు" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరం నవ్వలేదు.

మధుబాబు డ్యూటీ నుంచి వచ్చాక భాను చెప్పింది. వాడు తిన్నగా గోడ దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికొచ్చి "అమ్మ ఇలగుండేదేటి నానా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటే నన్ను కూడా చూస్తున్నారు. ఆమెకేసి చూడాలంటే నేనూ చేతులు జోడించాలి. పెళ్ళానికి దండం పెట్టి టీ తాగుతున్నాను. అలిసిపోయాను ఢిల్లీ. ఇప్పుడు ఏం చెప్పినా పూజ పెరుగుతుంది. చెప్పకపోతే సున్నం.

బావ


లిలువా,
ఏప్రిల్ 12.

బావా,

నీ ఉత్తరం మీ చెల్లికి చదివి వినిపించాను. ఆవిడ దీపం పెట్టింది.

ఉండనీ బావా. పేరంటాలుగానే ఉండనీ.

అక్కకి ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, మా అమ్మ ఆ పిల్లని పక్కింటావిడ చేతిలో పెట్టి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. తవిటమ్మ అని ఆ పేరే ఉండిపోయింది. తవుడికి కొన్న పిల్ల. పెరిగింది, నిన్ను కట్టుకుంది, ఈ ఊరొచ్చింది, గంప ఎత్తుకుంది. ట్రాములో తను ఎక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోయేవారు. నేను కళ్ళారా చూశాను. తను కిటికీలోంచి బయటికి చూసేది, చూడనట్టు.

ఇవాళ ఖిదిర్‌పూర్ ఆమె ముందు తల వంచుతోంది. ఆమె ఒక్కటీ అడగలేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. అది ఎందుకు చెరపాలి? ముష్తాక్ మంచివాడే. కానీ మాట ఇచ్చింది అతను, మా అక్క కాదు. సున్నం కొడతారా? రానీ. పేరంటాలి మీద బ్రష్ పెట్టే మగాడెవడో చూద్దాం. చిన్న గుడి కడదాం. నేనొచ్చి కూర్చుంటాను, కాలు విరిగిన పూజారిని.

నవ్వులాటకి రాయడం లేదు. నువ్వు గనక నీ చేతులతో ఆమెని తుడిపిస్తే, నా గడప తొక్కొద్దు.

ఢిల్లీశ్వరరావు


ఖిదిర్‌పూర్,
మే 9.

ఢిల్లీకి,

ఆలస్యమైంది. నీ గడప సంగతి తర్వాత. జరిగింది రాస్తాను, చదువు.

ట్రాములో లేచిపోయినవాళ్ళ గురించి రాశావు. నిజమే. లేవనివాళ్ళు కూడా ఉండేవారు. ముష్తాక్ తల్లి ఉంది. తవిటమ్మ ఆవిడ గుమ్మంలో గంప దించి బేరమాడేది. ముష్తాక్ అప్పటికి చిన్నపిల్లాడు. ఇద్దరూ అరుచుకునేవారు. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. అయినా అరుపుకి లోటు లేదు. అయ్యాక ఇద్దరూ అక్కడే కూర్చుని టీ తాగేవారు. ఆవిడ ఈ మధ్య మంచం మీదే ఉండేది.

నీ ఉత్తరం అందిన మర్నాడు ముష్తాక్ అన్నాడు. "అమ్మకి చెప్పాను చాచా, గోడ మీద ఉన్నది చేపల తవిటి అని. లేచి కూర్చుంది. ఆ మనిషితో తగువు పడితేగాని నాకు అన్నం సహించేది కాదురా, నన్ను తీసుకెళ్ళి చూపించు అంటోంది. ఎలా తీసుకెళ్ళను? అక్కడ ఇప్పుడు పూజ జరుగుతోంది గదా."

నేను టీ పూర్తిగా తాగలేదు. లేచి మహాలక్ష్మమ్మ ఇంటికి పోయాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది. గుమ్మంలో నిలబడ్డాను. దారిలో అనుకున్న మాటలన్నీ పోయాయి.

"అమ్మా, మన ఊళ్ళో అమ్మవారి పండక్కి ఘటం ఎత్తుతారు. తర్వాత ఏం చేస్తారు?"

"ఇదేం పెశ్నన్నా? ఊరంతా తిరుగుతారు. మొక్కులు తీర్సుకుంతారు. ఆకర్ని అనుపు సేస్తారు."

"ఈమెకి అనుపు లేదా?"

ఆవిడ చేయి ఆగింది.

"మీరు మొక్కారు. పిల్లాడికి తగ్గింది. గంప ఎత్తి నెల దాటింది. సాగనంపకుండా, దింపకుండా అలాగే నిలబెట్టారు. మెడ నొప్పెట్టదా అమ్మా ఆమెకి?"

ఆవిడ చేట పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. "అనుపు సెయ్యకుంటే తప్పేనన్నా. మాకు తోచనేదు" అంది.

ఆ శుక్రవారమే అనుపు చేశారు. చలివిడి, పెరుగన్నం. డప్పుకి మనవాళ్ళు ఎవరూ లేరు, బీహారీ కుర్రాడు ఢోలు వాయించాడు. ముష్తాక్ బెంచీలు లోపల పెట్టి దారి ఇచ్చాడు. ఆడవాళ్ళు చిన్న ఘటం ఒకటి నీళ్ళతో నింపి, గోడ దగ్గర నుంచి ఎత్తుకుని గంగ ఒడ్డుకి పోయి వదిలారు. భాను "ఎల్లిరా అత్తమ్మా" అని ఏడ్చింది. అత్తని చూడని పిల్ల, ఎలా ఏడ్చిందో.

తిరిగొచ్చాక గోడ కడిగారు. సాగనంపాక ఆ రూపు ఉండకూడదని సున్నం బకెట్టు తెచ్చి పెట్టారు. ఎవరూ ముట్టలేదు. అభిజిత్ మాస్టారు నాకేసి చూశారు. నేనే తీసుకున్నాను. పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టాను. ముఖం అందలేదు. ముష్తాక్ బెంచీ తెచ్చి, నేను ఎక్కితే పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని కొట్టాను. మధ్యలో వదిలేసిన చోట్లు మధుబాబు సరిచేశాడు.

సొంతదారులు సరేనన్నారు. మిగతా గోడ మిగిలింది.

"ఇప్పుడేం గీయాలె తాతా?" అంది వసుధ.

"గంప దించు" అన్నాను.

ఇప్పుడు బొమ్మలో కింద కూర్చుని ఉంది. గంప ముందు పెట్టుకుని. ఎదురుగా గుమ్మంలో ముష్తాక్ తల్లి. ఆవిడని రిక్షాలో తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే, వసుధని ఒక్క గీత గీయనిచ్చింది కాదు. "చేయి అలా కాదు. చేప తోక పట్టుకుని నా ముఖం ముందు ఊపేది. అదిగో, అలా. ఇంకా పొగరుగా." నాకు రాని మాటలన్నీ ఆవిడకి వచ్చు. మహాలక్ష్మమ్మ పక్కన నిలబడి వింటూ, "ఈ ముసలమ్మ మా పేరంటాల్ని ఎంతేసి మాటలనీదో" అని నవ్వింది. చీర మళ్ళీ ఆవిడే పూసింది.

ముఖం మాత్రం రాలేదు. వసుధ గీసింది. కాదన్నాను. మళ్ళీ గీసింది. కాదు. మొదటి కాగితాలు చూసి గీసింది. అదీ కాదు. అప్పుడు ఎలా కుదిరిందో తెలియదు. నా కళ్ళలోనే పోయిందేమో. ఆ పిల్ల అలిసిపోయింది. నేనూ అలిసిపోయాను. చివరికి తల వంచి గంపలో చేపలు ఏరుతున్నట్టు గీయమన్నాను. పాపిట కనపడుతుంది. ముఖం కనపడదు.

కనుబొమ మీద నీ గీత కూడా పోయింది. అది నీకు చెప్పాలి.

నా చేతులతోనే తుడిచాను. నువ్వు రావద్దంటే రాను. కానీ ముష్తాక్ తల్లి ప్రతి శుక్రవారం రిక్షాలో వచ్చి కూర్చుంటోంది. నేను బెంచీ అవతలి చివర కూర్చుంటాను. మమ్మల్ని ఎవరూ చూడటం లేదు.

బావ


లిలువా,
జూన్ 3.

బావా,

నిన్న వచ్చాను. నీకు చెప్పలేదు. హౌరాలో బస్సెక్కి, కర్ర పట్టుకుని గోడ దాకా వచ్చి, మీ ఇంటికి రాకుండానే తిరిగి వచ్చేశాను. కోపంతో కాదు. మాట్లాడాల్సి వస్తుందని. నాకు మాట రాకపోవడం ఎలా ఉంటుందో ఈ వయసులో తెలిసింది.

గడప గురించి రాసింది చింపెయ్. మీ చెల్లి నిన్ను తీసుకురమ్మంటోంది.

మధ్యాహ్నం, రోడ్డు మీద ఎవరూ లేరు. టీ కొట్టు మూసి ఉంది. అక్క కూర్చుని ఉంది. పాపిట, మెడ, చేయి. ఆ చేయి ఆమెదే. ముఖం కిందికి ఉంది. నేను దగ్గరికి పోయాను. కర్ర గోడకి ఆనించి, కాలు నొప్పి పుడుతున్నా వంగాను. ఇంకొంచెం వంగితే కింద నుంచి కనపడుతుందేమోనని. అది గోడ అన్న సంగతి నాకు తట్టలేదు బావా.

వెనక నుంచి ఎవరో బెంగాలీ ఆవిడ, చేతిలో కూరల సంచి, "ఏం వెతుకుతున్నారు దాదా?" అంది. అమ్మవారు అనొచ్చు. మా అక్క అనొచ్చు. "ఎండుచేపలు అమ్మే మనిషి తల్లీ. ముఖం చూద్దామని" అన్నాను.

ఆవిడ సంచి కింద పెట్టి, నా పక్కన తను కూడా వంగింది.

ఢిల్లీ